మూత కాలంలో మా తోట

చైత్రం. మూత పడిన రోజు.

పెద్ద తలుపు ఇందాకే మూసేశారు. ఆ మోత సొరంగమంతా పాకి మా గది దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపటికి సొరంగంలో దీపాలు ఆరిపోయాయి, చల్లగాలి నిలిచిపోయింది. ఇక అక్కడ అడుగు పెడితే మనిషి ఉడికిపోతాడు. తొలకరి పడి, బయటి వేడి తగ్గి, తలుపు మళ్ళీ తెరిచేదాకా ఈ కొండలో ఎవరి గదిలో వాళ్ళం. మా గదిలో నేనూ, మా అప్పా.

అప్ప పేరు తవిటమ్మ. నా తోడబుట్టిన అక్కే కానీ నాకంటే చాలా పెద్దది. ఆమెకి మూత అంటే బెంగ లేదు. పాత చీరలు మూట కట్టుకుని తెచ్చుకుంటుంది. బొంతలు కుడుతుంది, పాటలు పాడుకుంటుంది, హాయిగా నిద్రపోతుంది. నేను అలా కాదు. నిరుడు మూత సగానికి వచ్చేసరికి ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగి తిరిగి నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మా గది తలుపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయేదాన్ని. ఒకరోజు కోపం ఆపుకోలేక దాన్ని తన్నాను. నా బొటనవేలి గోరు ఊడింది, తలుపుకి ఏమీ కాలేదు.

ఈసారి అలా జరగకూడదని తోట పెట్టుకోవడానికి అనుమతి తీసుకున్నాను. మట్టి బస్తాలు, ఖాళీ తొట్లు, వెదురు బద్దలు, సన్న గొట్టాలు, మొక్కల దీపాలు, పొట్లాల కొద్దీ విత్తనాలు. అన్నీ మోసుకొచ్చేసరికి గదిలో నడిచే దారి సగమైంది.

అప్ప నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇయన్నీ ఒకేపాలి ఏసీస్తావేటే?"

"వేసేస్తాను. నాకు తీరిక ఉండకూడదు అప్పా. తీరిక ఉంటే మళ్ళీ ఆ తలుపు దగ్గరికే పోతాను."

అప్ప వెళ్ళి తన మంచం గోడ వైపు జరుపుకుంది.

చైత్రం. గురువారం.

తోటకూర మొలిచింది. తొట్టి మీద పరిచిన తడి గోనె ఎత్తి చూస్తే కింద ఎర్రటి సన్న దారాల్లాగా లేచి ఉంది. నేను నేల మీద బోర్లా పడుకుని గడ్డం తొట్టి అంచున ఆనించి చూస్తూ ఉండిపోయాను. నేను తలుపు వైపు చూసి ఎంతసేపయిందో ఆ తర్వాత గుర్తొచ్చింది.

అప్పని లేపి చూపించాను. "బాగుందే, ఎంత ముద్దుగా ఉన్నాయో" అంది. కాసేపు నా పక్కనే కూర్చుంది. "ఇది పెద్దయ్యీ దాకా దీన్నే చూసుకో. కూరొండుకున్నాక మిగతావి ఏద్దువు గాని."

ఆ మాట నాకు నచ్చలేదు. ఒక్క తొట్టి ఇంత సంతోషం ఇస్తే పది తొట్లు పదింతలు ఇవ్వాలి కదా. మధ్యాహ్నం టమాట, వంగ నారు పోశాను. అవి మొలవక ముందే బీరకి పందిరి కట్టడం మొదలుపెట్టాను.

చైత్రం. బహుళ పక్షం.

మా గదికీ పక్క గదికీ మధ్య గోడలో ఒక మాటల గొట్టం ఉంది. దానికి ఇటు మూత, అటు మూత. తీసి మాట్లాడితే పక్కవాళ్ళకి వినపడుతుంది. ఆ పక్కన ఉండేది కామునాయుడు మావ. పని చేసినన్నాళ్ళూ రేవులో మరపడవల ఇంజన్లు బాగుచేశాడు. చుట్టరికం ఏమీ లేదు, పక్కగది కాబట్టి మావ. ప్రతి ఏడూ అత్త కూడా ఉండేది. ఈసారి ఆమె కూతురి పురిటికని అవతలి కొండకి వెళ్ళింది. పాప ముందుగానే పుట్టడంతో బాలింతని వదిలి రాలేక ఆ కొండలోనే మూతలో ఉండిపోయింది. మావ ఒక్కడూ ఉన్నాడు.

"ఇందమ్మా, ఏటో నీళ్ళ సప్పుడు ఇనిపిస్తంది. ఏటి సేస్తన్నావు?"

"తోట వేస్తున్నాను మావా. తోటకూర మొలిచింది. బీరకి పందిరి కూడా కట్టేశాను."

"ఓస్, అదా! నాకూ నాలుగు తొట్లున్నాయి. మీ అత్త ఒగ్గీసి ఎలిపోనాది. నానూ ఏస్తాను చూడు. నీ బీర కంటే ముందు నా ఆనప కాస్తది."

నేను నవ్వాను. మర్నాడు పొద్దున్నే గొట్టంలోంచి కేక వేశాడు. ఆనప గింజలు పెట్టాడట, బచ్చలి తీగ కూడా. నేను వెంటనే బచ్చలి పెట్టాను. దానితో పాటు దోస కూడా.

వైశాఖం. ఒక పొద్దున.

ఈ మధ్య రాయడానికి కుదరలేదు.

టమాట నారు తీసి నాటాను. ఒక్కొక్క మొక్కకీ కర్ర పాతాలి. అది సగంలో ఉండగా నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడేలా గొట్టాలు అమర్చడం మొదలుపెట్టాను. గొట్టాలు సగంలో ఉండగా గోడకి అంచెలంచెలుగా డబ్బాలు తగిలించి మెంతికూర వేద్దామనిపించింది. ఆ డబ్బాలకి కన్నాలు పెడుతుండగా బీర తీగ పందిరి దాటి దీపం మీదికి పాకింది. దానికి ఇంకో పందిరి కావాలి. ఇక్కడ తేనెటీగ ఉండదు కాబట్టి పూసిన ప్రతి పువ్వుకీ మెత్తటి కుంచెతో నేనే పుప్పొడి అద్దాలి. మగపువ్వు నుంచి ఆడపువ్వుకి. బీరకి, దోసకి, రెండిటికీ.

ఏదీ పూర్తి కాలేదు. ఏది ముట్టుకున్నా మరొకటి గుర్తొస్తోంది.

అప్ప మంచం ఇప్పుడు చిక్కుడు పందిరి కింద ఉంది. ఆమె కాళ్ళు చాపుకుంటే తీగలు తగులుతున్నాయి.

"ఒలే ఇందూ, రాత్రి నా కాలిమీద ఏదో పాకినాదే. పామేమో అని గుండాగిపోనాది. తీరా చూస్తే నీ చిక్కుడు."

నవ్వుతూనే చెప్పింది కానీ బొంత మడత విప్పుకోవడానికి చోటు లేక దాన్ని మూట కట్టి మంచం కిందకి తోసేసింది.

వైశాఖం. ఎండలు బాగా ముదిరాయని ఆఫీసు చెప్పిన రోజు.

కళ్ళు తెరవగానే ముందు భయం వేస్తోంది. ఏది వాడిందో, ఏది విరిగిందోనని. లేచి చుట్టూ చూస్తే అన్నీ నన్నే అడుగుతున్నట్టుంటాయి. కుంచె పట్టుకుని పువ్వు పువ్వుకీ తిరుగుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. తోటకూర కోయాల్సిన వేళ దాటిపోయి ముదిరి కంకులు వేసింది. అంత ముద్దుగా చూసుకున్నదాన్ని ఒక్కసారి కూడా వండుకోలేదు. వంగ ఆకుల కింద తెల్లదోమ పట్టింది. సబ్బునీళ్ళతో ఒక్కొక్క ఆకూ తుడవాలి. పది ఆకులు తుడిచి కూర్చుండిపోయాను.

నిరుడు ఈ గోడలు నా మీదికి వస్తున్నట్టుండేది. ఇప్పుడు గోడలు కనిపించడం లేదు, అన్నీ ఆకులే. అయినా వస్తూనే ఉన్నాయి.

చెమ్మ యంత్రం ముల్లు ఆకుపచ్చ గీత దాటి పసుపులోకి వచ్చింది. ప్రతి గదికీ ఒక చెమ్మ యంత్రం ఉంటుంది. గాలిలో తడిని పిండి నీళ్ళు చేస్తుంది, గాలిని చల్లబరుస్తుంది. ఆ నీళ్ళే మాకూ, మొక్కలకీ. మనుషుల ఊపిరికి సరిపడా చేసిన యంత్రం అది. మొక్కలు తాగిన నీళ్ళన్నీ ఆకుల నుంచి తిరిగి గాలిలోకే వదులుతాయి. అదంతా పిండలేక యంత్రం రోజంతా మూలుగుతోంది.

ఆఫీసు నుంచి దమయంతి గోడ రేడియోలో పిలిచింది. కొండలోని గదులన్నిటినీ కనిపెట్టుకుని ఉండే అమ్మాయి ఆమె. ఆమె కూడా ఒక గదిలో మూతలో ఉన్నదే.

"ఇందుమతి గారూ, మీ గదిలో చెమ్మ ఎక్కువగా ఉందండి. కొన్ని మొక్కలు తీసేయండి."

"తీసేస్తానండి."

"గాలిలో తడి పెరిగితే ఒంటి చెమట ఆరదండి. చెమట ఆరకపోతే లోపలి వేడి పోయే దారి ఉండదు. గది మరీ వేడెక్కకపోయినా మనిషి పడిపోతాడు."

"తెలుసండి. రేపే తీసేస్తాను."

ఏది తీయను? కాయ పట్టిన టమాటనా, పూతకొచ్చిన చిక్కుడునా? ఇంత చాకిరీ చేసి పీకి పారేయడానికా? సాయంత్రం మావ గొట్టంలోంచి పిలిచి ఆనప పిందె దిగిందని చెప్పాడు. అరచెయ్యంత ఉందట. నేను ఇంకో పొట్లం విప్పి కాకర పెట్టాను. పెడుతున్నప్పుడు కూడా నాకు ఇష్టంగా లేదు. అయినా పెట్టాను.

జ్యేష్ఠం. మొదటి వారం.

పరుపులు చెమ్మగా ఉంటున్నాయి. గోడ మూలల్లో నల్లగా బూజు. అప్ప మెడ మీద, మోచేతుల మడతల్లో చెమటకాయలు లేచి పుండ్లయ్యాయి. మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి లేచి తూలి పందిరి కర్ర పట్టుకుంది. కర్ర విరిగి చిక్కుడంతా ఆమె మీద పడింది. నేను పరుగెత్తాను. ముందు అప్పని లేపానో తీగని ఎత్తానో నాకు గుర్తుంది. అప్పకీ గుర్తుంది. మంచం మీద కూర్చుని పమిట చెంగుతో విసురుకుంది.

"అప్పా, సగం తీసేస్తానే" అన్నాను.

"నీ ఇష్టం. నానెప్పుడైనా వద్దన్నానా?"

"అననందుకే కోపంగా ఉంది."

"అంటే ఇంటావేటే?" అంది. విసురుకోవడం ఆపి, "గాలాడ్డం నేదే ఇందూ" అంది చిన్నగా.

మెంతి డబ్బాలు మాత్రం తీసేశాను. ముల్లు కదల్లేదు.

మావ కూడా ఈ మధ్య పెద్దగా గొప్పలు చెప్పడం లేదు. మాట్లాడితే మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు. "నా మిషను ఏటో గొణుగుతంది ఇందమ్మా. ఇప్పదీసి చూస్తాను. ఇంజన్లు చూసినోడికి ఇదో లెక్కా" అన్నాడు.

జ్యేష్ఠం. మూడు రోజుల తర్వాత.

నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను.

పొద్దున మావ పిలవలేదు. నేను గొట్టం మూత తీసి "మావా, ఆనపకాయ కోశావా?" అన్నాను. జవాబు లేదు. చెవి పెట్టి విన్నాను. ఆ గదిలో యంత్రం చప్పుడు లేదు. మా యంత్రం మూలుగే నా వెనక నుంచి వినపడుతోంది.

"మావా! నాయుడు మావా!"

చాలాసేపటికి ఏదో దొర్లిన చప్పుడైంది. గొట్టం దగ్గరికి పాకుతూ వచ్చినట్టున్నాడు.

"ఆగిపోనాది అమ్మా. రాత్రి ఇప్పదీసినాను. లోపల కాలిపోనాది. బాగవ్వదు."

"ఆఫీసుకి చెప్పావా?"

"సెప్పినాను. సొరంగంలోకి ఎవులొస్తారు? నడిచొస్తే సచ్చిపోరూ?" దగ్గాడు. "ఊపిరి తడిగా ఉందే ఇందమ్మా. నీళ్ళు పీల్చినట్టుంది."

మాటల గొట్టం కింద, గోడలో, నడుమెత్తున ఒక చిన్న తలుపు ఉంది. ఒక గదిలో యంత్రం చెడితే పక్క గదిలోకి రావడానికి పెట్టిన దారి. నేను దాని గడియ లాగాను. రాలేదు. రెండు చేతులతో వేలాడాను. రాలేదు.

రేడియోలో దమయంతి గొంతు వచ్చింది. ఆమె అప్పటికే నన్ను పిలుస్తూ ఉందట, నాకే వినపడలేదు.

"ఇందుమతి గారూ, అది మీ ముల్లు ఆకుపచ్చలోకి వస్తేనే తెరుచుకుంటుందండి. గడియ యంత్రానికే కట్టి ఉంటుంది. మీ గది పసుపులో ఉండగా తెరిస్తే ఆ తడి కూడా మీ గదిలోకి వచ్చి మీ యంత్రం కూడా కాలిపోతుంది. అప్పుడు ముగ్గురూ పోతారు."

"మీరు ఇక్కడి నుంచి తీయలేరా?"

"నా చేతిలో లేదండి. ఉంటే ఈపాటికి తీసేసేదాన్ని." అంది. "మొక్కలు తీసేయండి. దీపాలు ఆపండి. బేగి చేయండి, దయచేసి."

ఎప్పుడూ ఆఫీసు మాట మాట్లాడే ఆ అమ్మాయి నోట, త్వరగా అనడానికి మేము ఇంట్లో అనే 'బేగి' విని నేను గడియ వదిలేశాను.

ముందు వంగ పీకాను. తెల్లదోమ పొగలా లేచింది. తర్వాత దోస, కాకర, విరిగి పడిన చిక్కుడు, ముదిరిపోయిన తోటకూర. అవి నాకు ఎలాగూ విసుగు పుట్టించినవే. అప్ప స్నానాల గది తలుపు తెరిచి పట్టుకుంది. పీకినవన్నీ అందులోకి విసిరాం. పీకేసినా ఆకులు తడి వదులుతూనే ఉంటాయి కదా, మూసి పెట్టాలి. దీపాలన్నీ ఆపేశాను. పట్టపగలే గది చీకటైపోయింది. యంత్రం మీది చిన్న ఎర్రదీపం వెలుగు మాత్రం మిగిలింది. ఆ వెలుగులో ముల్లు చూశాను. పసుపులోనే ఉంది.

"బీర కూడా తీసీ" అంది అప్ప.

బీర తీసేశాను. పందిరంతా మా మీద కూలింది. ముల్లు కొంచెం కదిలింది.

టమాటల దగ్గర నా చేతులు ఆగాయి. గుత్తులు గుత్తులుగా, ఒక వైపు ఎరుపు తిరుగుతూ ఉన్నాయి. ఒక వారం ఆగితే పండేవి. 'ఇవి ఉంచి బచ్చలి తీసేస్తే సరిపోతుందేమో' అనుకున్నాను. బచ్చలి తీసేశాను. ముల్లు చూస్తూ నిలబడ్డాను. గొట్టంలోంచి మావ దగ్గు వినపడింది. ఆ తర్వాత అదీ వినపడలేదు.

"అమ్మీ" అంది అప్ప. నన్ను చిన్నప్పుడు అలా పిలిచేది. "కాయల కోసం సూడకు. మనిషి కోసం సూడు."

మొదటి మొక్క వేళ్ళతో సహా వచ్చింది. రెండోది కర్రతో సహా. ఆ తర్వాత ఇంక ఏదీ చూడలేదు. నలిగిన టమాట ఆకు వాసన గదంతా నిండింది, పచ్చి కాయలు కాళ్ళ కింద పగిలాయి. పీకుతున్న కొద్దీ నా ఒళ్ళు తేలికవుతోంది. ఏడుస్తున్నాను, ఏడుస్తూనే ఇంకా గట్టిగా పీకుతున్నాను. పక్కన మనిషి ప్రాణం మీదికి వచ్చిన వేళ నాకు ఆ సుఖమేమిటో అర్థం కాలేదు.

తడి మట్టి తొట్ల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పాం. అప్ప తన బొంత మూట విప్పి, కుట్టిన ముక్కల్ని చింపి, స్నానాల గది తలుపు సందుల్లో కూరింది. ఎన్నాళ్ళ నుంచో కుట్టుకుంటున్నది. నేను వద్దనేలోపే చింపేసింది. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. కదిలితే చెమట పడుతుందని కదలకుండా కూర్చున్నాం. అప్ప నా చెయ్యి పట్టుకుంది. మా ఇద్దరి చేతులూ మట్టీ, పసరూ.

ముల్లు ఎప్పుడు గీత దాటిందో నేను చూడలేదు. గడియ తనంతట తనే 'టక్' మంది.

తలుపు తోస్తే వేడి ఆవిరి ముఖం మీద కొట్టింది, అన్నం గిన్నె మూత తీసినట్టు. మావ తలుపు పక్కనే పడి ఉన్నాడు. ఆయన వెనక గది గదంతా తీగలే. ఎక్కడ మంచమో ఎక్కడ గోడో తెలియలేదు. చంకల కింద చేతులు వేసి ఇద్దరం లాగాం. తలుపు మూసేశాం. ఒళ్ళు నిప్పులా ఉంది, చర్మం మీద నీళ్ళు కారుతున్నాయి కానీ ఆరడం లేదు. యంత్రం నుంచి చల్లగాలి వచ్చే మూతి దగ్గర పడుకోబెట్టి, అప్ప తడిగుడ్డ వేసి, నేను అట్ట ముక్కతో విసిరాను. రేడియోలో దమయంతి ఏం చేయాలో ఒక్కొక్కటే చెబుతూ ఉంది. మధ్యలో "ఉన్నారా, ఊపిరి ఉందా" అని అడుగుతూ ఉంది.

మావ కళ్ళు తెరిచి పైకప్పు చూశాడు. "పందిరేదీ?" అన్నాడు.

"తీసేశాను మావా."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఏడుపుకి ఆయన భుజాలు కదులుతున్నాయి, నేను విసురుతూనే ఉన్నాను.

జ్యేష్ఠం. నాలుగైదు రోజుల తర్వాత.

గది బోడిగా ఉంది. ఖాళీ తొట్లు గోడ వారన బోర్లించి పెట్టాం. అప్ప పుండ్లు ఆరుతున్నాయి. పరుపులు పొడిగా ఉన్నాయి.

మావకి లేచి కూర్చునే ఓపిక వచ్చింది. ఆడవాళ్ళ గదిలో ఉండాల్సి వచ్చిందని సిగ్గుపడుతున్నాడు. పాత చీర అడ్డం కట్టి ఆయన మంచం ఆ వైపు వేశాం. అప్పతో పెద్దగా మాట్లాడడు. నాతో ఇవాళ అన్నాడు.

"ఆ ఆనప ఒక్కటే ఏసుంటే ఏటీ అయ్యీది కాదు. నువ్వు పొద్దున్నే 'నాది మొలిచింది మావా' అనీదానివి. ఆ మాట ఇన్నాక నాకేటీ నేకపోతే మల్లీ రేపు నీతో ఏటి మాట్లాడాలి? అందుకని ఏసీవాణ్ణి."

"నేనూ అంతే మావా. నువ్వు పిలుస్తావని వేసేదాన్ని."

"మొక్కలు నేకపోయినా పిలిసీవాణ్ణే."

"నాకేం తెలుసు?"

చీర అవతల నుంచి అప్ప, "ఇద్దరూ ఇద్దరే. నన్ను పందిరి కింద పండబెట్టీసినారు" అంది. మావ మొదటిసారి నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది.

కానీ నేను మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్తున్నాను. చెయ్యి పెట్టి చూస్తే తలుపు వేడిగా ఉంటోంది. చేయడానికి ఏమీ లేదు. ముగ్గురం, ఒక గది.

ఆషాఢం. రేడియో పిలిచిన రోజు.

ఈ వారంలో తలుపు తెరుస్తారని అనుకున్నాం. అప్ప బట్టలు కూడా మడత పెట్టింది. దమయంతి పిలిచి, వాన రాలేదండి, మబ్బు కూడా లేదండి, శ్రావణం దాకా మూత పొడిగిస్తున్నామండి అని చెప్పింది. చెప్పాక వెంటనే రేడియో ఆపలేదు. ఆమె అక్కడ ఒంటరిగా కూర్చుని ఉందని తెలుస్తూనే ఉంది. "మీరు అన్నం తిన్నారా?" అని అడిగాను. "తింటానండి" అంది.

నేను తిన్నగా వెళ్ళి విత్తనాల సంచీ తీశాను. నేల మీద గుమ్మరించాను. మావ కూడా అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆయన చెయ్యి ఆనప పొట్లం మీద, నా చెయ్యి టమాట మీద.

"నాలుగు తొట్లు సాలు. యంత్రం మోస్తది" అన్నాడు మావ.

"పందిరి ఎత్తుగా కడితే అయిదు" అన్నాను.

అప్ప వచ్చి మా మధ్య కూర్చుంది. పొట్లాలన్నీ ఒక్కొక్కటే సంచీలో వేసేసింది. మా చేతుల్లోవి కూడా లాక్కుంది. ఒకటి మాత్రం బయట ఉంచింది. కొత్తిమీర.

"ఒక తొట్టి. ఇది కోసి పచ్చడి నూరుకుని తిన్నాకే ఇంకోటి. అంతవరకూ సంచీ నా తలకింద ఉంటాది."

"కొత్తిమీరా? అందులో పనేముంటుంది అప్పా? ఒకసారి చల్లితే అయిపోయె."

"మరి అదే."

"మిగతా పొద్దంతా ఏం చేయాలి?"

"నాకేటి తెలుసే? నానేటి సేస్తన్నాను ఇన్నాళ్ళూ? కూకున్నాను. ఏడుపొస్తే ఏడిసినాను. నువ్వు సూడలేదు, నీకు పనుంది."

నేను ఆమె ముఖం చూశాను. ఇన్ని ఏళ్ళుగా మూతలో ఆమెకి బెంగ లేదనే అనుకుంటున్నాను.

మావ మెల్లగా ధనియాలు తీసి అరచేతిలో వేసుకున్నాడు. చెప్పుతో నలిపి పప్పులు చేయాలి, లేకపోతే మొలవవు. "ముగ్గురం ఉన్నాం. ఒక తొట్టి. గొడవైపోద్ది" అన్నాడు.

"వంతులు ఏస్తాను" అంది అప్ప.

ఆషాఢం. అమావాస్య ముందు.

నిన్న నలపడం మావ వంతు. ఆయన ఇంజను విప్పినంత శ్రద్ధగా నలిపాడు. చల్లడం నా వంతు. ఎంత మెల్లగా చల్లినా అయిపోయింది. చేతిలో ఇంకో నాలుగు గింజలు మిగిలితే వాటిని ఒక్కొక్కటే వేశాను. నీళ్ళు చిలకరించడం అప్ప వంతు.

ఆ తర్వాత చాలా పొద్దుంది. తలుపు దగ్గరికి వెళ్ళాను. కాసేపు నిలబడ్డాను. ఈసారి అప్ప వచ్చి నా పక్కన నిలబడి తన చెయ్యి కూడా తలుపు మీద పెట్టింది. "కాలిపోతంది కదే" అంది. ఇద్దరం వచ్చి కూర్చున్నాం.

శ్రావణం. ఇవాళ.

వాన ఇంకా లేదు.

పొద్దున మెలకువ రాగానే తొట్టి దగ్గరికి వెళ్ళాను. మట్టి అక్కడక్కడా చిట్లి ఉంది. ఒక చోట తెల్లటి మెడ వంచుకుని ఒక మొలక, రెండు ఆకులు ఇంకా గింజలోనే ఇరుక్కుని ఉన్నాయి. నీళ్ళ చెంబు తీసుకున్నాను.

"ఏయ్, చెంబు కింద పెట్టీ" అన్నాడు మావ చీర అవతల నుంచి. "ఇయ్యాల నాది."

"మొలిచింది మావా!"

"మొలిస్తే మొలిసింది. వంతు నాది."

ఆయన లేచి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని మరీ వచ్చాడు. కింద కూర్చున్నాడు. చెంబులో వేళ్ళు ముంచి ఒక్కొక్క చుక్కే విదిలిస్తున్నాడు. నన్ను ఏడిపించడానికే అంత నెమ్మది అని తెలుస్తూనే ఉంది. అప్ప మంచం మీద నుంచి చూస్తూ నవ్వుతోంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. చేయడానికి నాకు ఏ పనీ లేదు. గోడ నాలుగు వైపులా ఉంది. తలుపు అలాగే మూసి ఉంది.

"రేపెవరిది?" అని అడిగాను, తెలిసే.

"నీదే" అంది అప్ప.

"పొద్దున్నే లేపు" అన్నాను.